మలుపులో ట్రక్కు పట్టేస్తోందా? ముందు లివర్ ఎక్కడుందో చూడండి

ప్రశ్న: ఈమధ్యే ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాను. మామూలుగా వెనక చక్రాలతో నడుస్తుంది, లివర్ వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి. నాలుగూ లాగితే పట్టు ఎక్కువ కదా అని వారం రోజులుగా ఫోర్ హైలోనే తిప్పుతున్నాను. తిన్నగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పానంటే మాత్రం ఎవరో బ్రేకు తొక్కి పట్టుకున్నట్టు ఆగిపోతుంది. యాక్సిలరేటర్ ఇస్తే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, కింద నుంచి టప్‌మని చప్పుడు. నిన్న లివర్ టూ హైలోకి, అంటే వెనక చక్రాలే లాగే స్థానంలోకి, రానే రాలేదు. మెకానిక్ ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) విప్పి చూడాలంటున్నాడు. నా స్నేహితుడి కారుకు కూడా నాలుగు చక్రాల డ్రైవే, అది ఎక్కడ తిప్పినా హాయిగా తిరుగుతుంది. నా బండి పాడైనట్టేనా? వానలో అయినా ఫోర్ హై వాడొచ్చా?

సమాధానం: ఇప్పుడప్పుడే ఏదీ విప్పించకండి. మీరు రాసిన లక్షణాలు ఒక్కొక్కటే చదువుతుంటే నాకు పాడైన బండి కనిపించలేదు. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలూ కలిపే ఏర్పాటు) ఉన్న ఏ మంచి ట్రక్కునైనా పొడి తారు రోడ్డు మీద ఫోర్ హైలో వేసి స్టీరింగ్ తిప్పితే సరిగ్గా ఇలాగే చేస్తుంది. పట్టేయకుండా సాఫీగా తిరిగి ఉంటేనే, ముందు చక్రాలకు అసలు శక్తి అందుతోందా లేదా అని నేను అనుమానించేవాణ్ణి.

కారణం తెలియాలంటే చక్రాలు నడిచే దారిని చూడాలి. పొడుగాటి లారీ సందు మలుపు తిరుగుతుంటే ఎప్పుడైనా గమనించారా? ముందు చక్రం మూలకు దూరంగా వెళ్తుంది, వెనక చక్రం మూలను ఒరుసుకుంటూ, ఒక్కోసారి ఫుట్‌పాత్ ఎక్కి మరీ వస్తుంది. తడి మట్టి నేల మీద మీ ట్రక్కునే నెమ్మదిగా తిప్పి, దిగి చూడండి. నాలుగు చక్రాల జాడలు నాలుగు విడివిడి గీతలుగా కనిపిస్తాయి, వెనక చక్రాల గీతలు ముందు చక్రాల గీతలకు లోపలి వైపున ఉంటాయి. లోపలి గీత చిన్నది, బయటి గీత పెద్దది. అంటే మలుపు తిరిగిన ప్రతిసారీ ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం నడవాలి. ఇందులో బండి తయారీ లోపం ఏమీ లేదు. ముందు చక్రాలు తిరిగి, వెనక చక్రాలు తిన్నగా ఉండే ఏ బండికైనా జ్యామితి ఇదే.

ఎంత ఎక్కువో లెక్క వేద్దాం. ముందు యాక్సిల్‌కూ (చక్రాల ఇరుసు) వెనక యాక్సిల్‌కూ మధ్య 3 మీటర్లు ఉందనుకోండి. వెనక యాక్సిల్ మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్థంతో లంబకోణంలో ఒక మలుపు తిరిగింది. అది నడిచిన దూరం సుమారు 7.85 మీటర్లు. అదే మలుపులో ముందు యాక్సిల్ మధ్యభాగం నడిచింది 9.16 మీటర్లు. ఒక్క మలుపులో 1.3 మీటర్ల తేడా! టైరు వ్యాసం 75 సెంటీమీటర్లయితే, ముందు చక్రాలు సగటున అర చుట్టు పైచిలుకు ఎక్కువ తిరగాలి. యాక్సిల్ దగ్గర గేరు నిష్పత్తి 4 అనుకుంటే, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు నాలుగు చుట్లు తిరిగితే, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి యాక్సిల్‌కు శక్తిని మోసే కడ్డీ) వెనకదానికంటే రెండు చుట్లకు పైగా ఎక్కువ తిరగాలి. యూటర్న్ కొడితే నాలుగు చుట్లు దాటిపోతుంది.

మీ ట్రక్కులో లివర్ ఫోర్ హైలో వేయగానే ఏం జరుగుతుందంటే, ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల పళ్ళున్న ఒక స్లీవు (ఉంగరం లాంటి భాగం) జరిగి ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ ఒకదానితో ఒకటి బిగించేస్తుంది. ఇక రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే, వెంట్రుకవాసి తేడా కూడా కుదరదు. రోడ్డేమో రెండు చుట్లు ఎక్కువ తిరగమంటుంది, స్లీవేమో ఒక్క చుట్టూ వీల్లేదంటుంది. మీ బండి పట్టేయడమంటే ఈ పెనుగులాటే.

మరి ఆ రెండు చుట్ల తేడా ఎక్కడికి పోతుంది? నేల మెత్తనిదైతే టైర్ల కింద పోతుంది. బురదలో, ఇసుకలో, మంచులో, వదులు కంకర మీద చక్రం కాస్త జారడానికి పెద్ద బలం అక్కర్లేదు. ముందు చక్రం కొంచెం ఈడ్చుకుంటూ, వెనక చక్రం కొంచెం ఎక్కువ తిరిగి ఆ తేడాను నేలకు వదిలేస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు. ఈ ఏర్పాటును రూపొందించిందే అలాంటి నేల కోసం. పొడి తారు మీద, కాంక్రీటు మీద టైరు అంత తేలిగ్గా జారదు. నేల వదలదు, స్లీవు వదలదు. అప్పుడు మధ్యలో ఉన్న ఇనుమంతా మెలి తిరుగుతుంది. తాడుకు పురి ఎక్కించినట్టు షాఫ్టులకూ యాక్సిళ్ళకూ టైరు పక్కగోడలకూ పురి ఎక్కుతుంది. ఎక్కి ఎక్కి, టైరు పట్టును మించిన క్షణాన ఏదో ఒక చక్రం ఒక్కసారిగా జారి ఆ పురి విడుస్తుంది. మీరు విన్న టప్‌మనే చప్పుడు అదే. మళ్ళీ పురి, మళ్ళీ టప్.

వెనక భాగమే ఎందుకు ఎగిరిందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. రెండు యాక్సిళ్ళూ ఒకే వేగంతో తిరగాల్సి వచ్చినప్పుడు, ముందు చక్రాలు తమకు కావలసినదానికంటే మెల్లగా తిరుగుతాయి, కాబట్టి అవి బ్రేకులా పని చేస్తాయి. వెనక చక్రాలు తమ దారికి కావలసినదానికంటే వేగంగా తిరుగుతాయి, కాబట్టి అవి ముందుకు నెడతాయి. ముందర లాగిపట్టడం, వెనక తోయడం. వీటిలో ఏ వైపు బరువు తక్కువో ఆ వైపు ముందు జారుతుంది. ఖాళీ పికప్‌లో ఇంజన్ బరువంతా ముందు ఉంటుంది, వెనక తొట్టి తేలిగ్గా ఉంటుంది. అందుకే మీ వెనక టైర్లు గెంతాయి. తొట్టి నిండా సరుకు వేసి అదే మలుపు తిప్పితే ముందు టైర్లు కీచుమని ఈడ్చుకునే అవకాశమే ఎక్కువ. స్టీరింగ్ బరువెక్కడం, వదిలితే తిన్నగా అయిపోదామని చూడడం, బండి మీరు తిప్పినంత తిరగకుండా బయటికి పోవడం కూడా ఈ లాగుడూ తోపుడూ వల్లే. పార్కింగ్‌లో బ్రేకు తొక్కి పట్టుకున్నట్టు ఉందన్నారు. మీ మాట అక్షరాలా నిజం. ముందు చక్రాలు ఆ సమయంలో బ్రేకులే.

పాత బండ్లవాళ్ళు మరో కుదుపు కూడా చెబుతుంటారు. ముందు గట్టి యాక్సిల్ ఉండి, చక్రం దగ్గర మామూలు క్రాస్ జాయింటు (రెండు షాఫ్టులను కోణంలో కలిపే కీలు) ఉన్న పాతకాలపు బండ్లలో, స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ జాయింటు శక్తిని ఒకే వేగంతో అందించదు. 30 డిగ్రీల కోణంలో అయితే ప్రతి చుట్టులో రెండుసార్లు 15 శాతం దాకా వేగం పుంజుకుని, రెండుసార్లు దాదాపు అంతే తగ్గుతుంది. పురికి ఇది తోడైతే స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. మీ ట్రక్కుకు ముందర సీవీ జాయింట్లు (కోణంలోనూ ఒకే వేగంతో శక్తిని అందించే రకం) ఉంటే ఈ గొడవ ఉండదు.

తిన్నగా పోతుంటే ఏమీ తెలియదన్నారు. దానికీ లెక్క ఉంది. మలుపు ఎంత విశాలమైతే తేడా అంత వేగంగా కరిగిపోతుంది. అదే 3 మీటర్ల బండికి, 5 మీటర్ల వ్యాసార్థంలో తేడా 16 శాతం పైన. 10 మీటర్లలో నాలుగున్నర శాతం లోపే. 20 మీటర్లలో ఒక శాతం చిల్లర. హైవే మీద 200 మీటర్ల వంపులో అది ఒక శాతంలో నూరోవంతు దగ్గరకొస్తుంది. మీకు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ తెలియలేదంటే పురి ఎక్కలేదని కాదు, ఇదే నన్ను కంగారు పెట్టిన సంగతి. వారం రోజులు ఫోర్ హైలో తిరిగారన్నారు. మీ నాలుగు టైర్లూ ఒకే వయసువేనా? ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉండి, అరుగుదలలో 6 మిల్లీమీటర్ల తేడా ఉంటే, టైరు వ్యాసంలో 12 మిల్లీమీటర్లు తగ్గినట్టు. అంటే చుట్టుకొలతలో ఒకటిన్నర శాతం దాకా తేడా. కిలోమీటరుకు 15 మీటర్లు! స్టీరింగ్ కదపకుండా సూటిగా పోతున్నా రెండు యాక్సిళ్ళ మధ్య లోపలి పెనుగులాట జరుగుతూనే ఉంటుంది. టైర్లు కొద్దికొద్దిగా జారుతూ అరుగుతాయి, ట్రాన్స్‌ఫర్ కేసులో నూనె వేడెక్కుతుంది, గొలుసుతో నడిచే రకమైతే ఆ గొలుసు సాగుతుంది. మీ చెవికి ఒక్క చప్పుడూ వినిపించదు.

అందుకని ఈ వారంలోనే ఒక పని చేయండి. చదునైన నేల మీద ఒక్కో టైరు కింది అంచున సుద్దతో గీత పెట్టి, అదే గీత నేల మీదా పెట్టి, బండిని తిన్నగా సరిగ్గా ఒక చుట్టు నడిపించి, మళ్ళీ గీత నేలను తాకిన చోట గుర్తు పెట్టి టేపుతో కొలవండి. గాలి నాలుగింటిలోనూ సరిగ్గా పట్టించాకే కొలవాలి. రేడియల్ టైర్లలో గాలి తేడా చుట్టుకొలతను పెద్దగా మార్చదు గానీ, కొలతకు పెట్టే శ్రమ వృథా కాకూడదు. ముందు జతకూ వెనక జతకూ తేడా కనిపిస్తే, తర్వాతిసారి టైర్లు మార్చేటప్పుడు నాలుగూ కలిపి మార్చండి. రెండే మార్చి పొదుపు చేశామనుకోవడం ఇలాంటి బండికి కలిసిరాదు.

ఇక లివర్ సంగతి. స్లీవు పళ్ళ మీద ఆ మెలి బలం అంతా ఒత్తి ఉంది కాబట్టే అది కదలలేదు. బిగించి లాగిన ముడి వదులు చేయకుండా ఊడదు కదా. లివర్ మీద బలం చూపించకండి, వంగేది స్లీవును జరిపే లోపలి ఫోర్కే. చుట్టూ మనుషులు లేరని చూసుకుని, ఏ వైపు స్టీరింగ్ తిప్పి ముందుకు వచ్చారో స్టీరింగ్‌ను అలాగే ఉంచి, నెమ్మదిగా రెండు మూడు మీటర్లు వెనక్కి పోనివ్వండి. ముందుకు వస్తూ ఎక్కిన పురి అదే దారిలో వెనక్కి పోతే విడుతుంది. మధ్యలో యాక్సిలరేటర్ వదిలేసి, బండి మెల్లగా కదులుతుండగానే లివర్‌ను టూ హైలోకి సున్నితంగా లాగండి. క్లచ్ ఉన్న బండయితే క్లచ్ తొక్కి లాగండి. చాలాసార్లు మొదటి ప్రయత్నంలోనే ఊడుతుంది. మట్టి రోడ్డో కంకర నేలో దగ్గర్లో ఉంటే అక్కడికి తీసుకెళ్ళి నాలుగడుగులు నడిపినా చాలు. బటన్‌తో మారే రకమైతే దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అది స్థిరపడేదాకా ఆగండి, మళ్ళీ మళ్ళీ నొక్కకండి.

ఒక హెచ్చరిక. పురి ఎక్కిన బండిని అలాగే జాకీతో ఎత్తకండి. చక్రం నేలను వదిలిన క్షణాన దాచుకున్న బలమంతా ఆ చక్రం గుండానే బయటపడి, అది ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. చాలా ఏళ్ళ క్రితం ఫోర్ వీల్‌లో ఇరుక్కున్న ఒక బండి కింద పడుకుని ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు విప్పుతున్నాను. చివరి బోల్టు వదులయ్యేసరికి షాఫ్టు తన్నింది. వేలి కణుపుల మీద తోలు లేచిపోయింది, అంతటితో పోయింది. బిగుసుకున్న షాఫ్టు స్ప్రింగుతో సమానమని ఆ రోజు నుంచి నా చేతులకు గుర్తుంది. మీ మెకానిక్‌కు కూడా ఈ మాట చెప్పండి.

స్నేహితుడి కారు ఎందుకు హాయిగా తిరుగుతుందంటే, ముందు షాఫ్టుకూ వెనక షాఫ్టుకూ మధ్య దానికి ఇంకో డిఫరెన్షియల్ ఉండి ఉండాలి, లేదా ఒక క్లచ్. డిఫరెన్షియల్ మీ ట్రక్కులోనూ ఉంది, ప్రతి యాక్సిల్ మధ్యలో ఒకటి. ఎడమ చక్రమూ కుడి చక్రమూ వేరువేరు వేగాలతో తిరగడానికి అది వీలిస్తుంది. 1820ల చివర్లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్వెర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఎడమకూ కుడికీ మధ్య తేడాను తీర్చే ఆ పరికరాన్నే ముందుకూ వెనకకూ మధ్య కూడా పెడితే మలుపులో ముందు షాఫ్టు తనకు కావలసినన్ని చుట్లు తాను తిరుగుతుంది. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లోనూ, 1980లో వచ్చిన ఆడి క్వాట్రోలోనూ ఇలా మధ్య డిఫరెన్షియల్ ఉంది, అందుకే అవి ఎల్లవేళలా నాలుగు చక్రాలతో నడవగలిగాయి. అంతకు ముందే, 1948లో మొదటి ల్యాండ్ రోవర్ చేసినవాళ్ళు ఇంకో దారి పట్టారు. ముందు షాఫ్టుకు సైకిల్ ఫ్రీవీల్ లాంటి ఏర్పాటు పెట్టారు. తొక్కడం ఆపినా సైకిల్ చక్రం ముందుకు తిరుగుతుంది కదా, అలాగే మలుపులో ముందు చక్రాలు షాఫ్టును దాటి వేగంగా తిరిగిపోయేవి. నాకు ఎంతో ముచ్చటైన ఆలోచన అది. కొన్నేళ్ళకే దాన్ని తీసేసి, లివర్‌తో వేసుకునే పద్ధతికి వచ్చేశారు.

ఈ రోజుల్లో చాలా కార్లలో మధ్య డిఫరెన్షియల్ బదులు నూనెలో తడిసిన పలకల క్లచ్ ఉంటుంది, స్టీరింగ్ తిప్పినట్టు తెలియగానే కంప్యూటర్ దాన్ని వదులు చేస్తుంది. మీ స్నేహితుడికి ఒక మాట చెప్పండి. ఆయన కారులో ముందు వెనక షాఫ్టులను కలిపి బిగించే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ బటన్ ఉంటే, అది నొక్కిన మరుక్షణం ఆయన బండీ మీ బండీ ఒకటే. పొడి నేల మీద అదీ పట్టేస్తుంది. టైర్లు సరిపోలకపోతే ఆ క్లచ్ కూడా నిత్యం జారుతూ వేడెక్కి కాలిపోతుంది.

మీ ట్రక్కులో లివర్ దగ్గర ఆటో అని ఇంకో స్థానం ఉందేమో మాన్యువల్‌లో చూడండి. ఉంటే, పొడి రోడ్డు మీద వాడుకోవడానికి ఇచ్చింది అదే. లేకపోతే పొడి రోడ్డుకు మీకున్నది టూ హై ఒక్కటే.

ట్రాక్టరు నడిపేవాళ్ళకు ఈ కథంతా వేరే రూపంలో తెలుసు. చిన్న ముందు చక్రాలున్న ఫోర్ వీల్ ట్రాక్టర్లలో ముందు చక్రాలు కావాలనే కొద్ది శాతం ముందుండేలా గేర్లు అమరుస్తారు, మెత్తని దుక్కిలో ముందు చక్రాలు బండిని లాగాలని. అదే ట్రాక్టరును తారు రోడ్డెక్కించి ఫ్రంట్ డ్రైవ్ తీయకుండా నడిపితే ముందు టైర్లు కొద్ది రోజుల్లోనే అరిగి నున్నగా అవుతాయి. కొన్ని ట్రాక్టర్లలో బాగా తిప్పినప్పుడు ముందు చక్రాలు మరింత వేగంగా తిరిగే గేరు కూడా పెట్టారు. మలుపులో ముందు చక్రం ఎక్కువ నడవాలన్న సంగతిని ఇంత సూటిగా ఒప్పుకున్న యంత్రం ఇంకోటి నాకు తెలియదు.

వానలో ఫోర్ హై వాడొచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు, మామూలు తారు రోడ్డు మీద వద్దనే. తడి తారు పొడి తారుకంటే జారుతుంది, నిజమే. కానీ మలుపులో పురిని వదిలేసేంత సులువుగా, అంత నెమ్మదిగా జారదు. పైగా అది జారే క్షణం మీరు ఎంచుకున్నది కాదు. ముందు చక్రాలు బ్రేకులా పట్టి ఉన్నప్పుడు తడి వంపులో అవే ముందు జారితే బండి తిరగకుండా సూటిగా పోతుంది. నాలుగు చక్రాలు లాగడం బండి కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. వానలో మీకు కావలసింది మంచి టైర్లూ తక్కువ వేగమూ. రోడ్డు మొత్తం బురద కప్పి ఉంటేనో, మంచు పరుచుకుని ఉంటేనో అప్పుడు ఫోర్ హై వేయండి, అది దాటగానే తీసేయండి. ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలూ తక్కువ గేరులో లాగే స్థానం) సంగతి ఇంకా జాగ్రత్త. దానిలో గేరు బలం కొన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి పురి ఎక్కినా ఇంజన్‌కు బరువు తెలియదు, మీకూ తెలియదు. పొడి రాతి నేల మీద ఫోర్ లోలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు తోయడం వల్లే ముందు యాక్సిల్ షాఫ్టులూ క్రాస్ జాయింట్లూ విరుగుతుంటాయి.

వారం రోజుల ఫోర్ హై వల్ల మీ బండికి నష్టం జరిగిందా అని అడగలేదు గానీ, మీ మనసులో ఆ ప్రశ్న ఉందని తెలుసు. వారానికి సాధారణంగా ఏమీ విరగదు, ఎక్కువగా టైర్లే కొంత అరిగి ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె ఒకసారి మార్పించండి. బయటకు తీసిన నూనెలో లోహపు రజను సన్నని బూడిదలా ఉంటే ఫరవాలేదు. పలుకులు కనిపిస్తే మాత్రం అప్పుడు విప్పించాల్సిందే.

టూ హైలోకి వచ్చాక కూడా మలుపులో పట్టేస్తుంటే నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టి వెతకాలి. మీ ముందు చక్రాలకు చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుతో కలిపే, విడదీసే బిళ్ళలు) ఉంటే వెతకడం తేలిక. లివర్ టూ హైలో పెట్టి, రెండు హబ్బులనూ ఫ్రీకి తిప్పి, అదే మలుపు తిరగండి. పట్టు పోయిందంటే లివర్ మారినా లోపలి స్లీవు మారలేదన్నమాట, ఫోర్కో, మార్చే మోటారో చూడాలి. అప్పుడు మీ మెకానిక్ చెప్పిందే సరైంది అవుతుంది. పట్టు అలాగే ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను ముట్టుకోవద్దు. చక్రాల దగ్గర చెయ్యి పెట్టి ఏది వేడెక్కిందో చూడండి, బ్రేకు పట్టి ఉండవచ్చు. వెనక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ రకం డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాల వేగాల తేడాను కొంతవరకే వదిలేది) ఉంటే, దానికి సరిపడని నూనె పోసినా సందు మలుపుల్లో గరగరమంటూ కుదుపుతుంది. అది నూనె మారిస్తే పోయే జబ్బే.